గుఱ్ఱపు జ్వరము – రక్తపరీక్ష

సికిందరాబాదులో పెండ్లి ఊరేగింపులకు గుఱ్ఱమును బాడుగకిచ్చి బ్రతుకు కుటుంబమునకు దాని జ్వరము ఇంటి జ్వరమే. గోమారులు అంటించు పైరోప్లాస్మా వ్యాధిలో కనుపొరలు పచ్చబడును. ఒక్కొక్కప్పుడు మూత్రము ఎఱ్ఱనగును. జోరీగలు తెచ్చు సర్రాలో జ్వరము వచ్చుచు పోవుచుండును, పొట్టక్రింద నీరు చేరును, మేత తినుచునే గుఱ్ఱము చిక్కిపోవును. రెండింటను రక్తము క్షీణించును గనుక చూపుమాత్రమున నిర్ణయించుట కష్టము. మందులో, వేఱు: మొదటిదానికి ఇమిడోకార్బు, రెండవదానికి క్వినాపిరమిన్. కావున జ్వరము హెచ్చుగా నున్నప్పుడే, మందు పడకముందే, పశువైద్యునిచే రక్తపుచుక్కను సూక్ష్మదర్శినిలో పరీక్షింపజేయవలెను. 1897 ఆగస్టు 20న రోనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచినది ఈ ఊరిలోనే గదా! క్రిమి కనబడనంతమాత్రమున వ్యాధి లేదని తలపరాదు. పాతబడిన రోగమున నది రక్తములో అరుదు, అప్పుడు సీరమ్ పరీక్ష కావలెను. ఇమిడోకార్బు సూది వేసిన పిదప కడుపునొప్పి రావచ్చును. కొన్ని గంటలు గుఱ్ఱమును కనిపెట్టి యుండుడు.