అప్పగింతల దగ్గర ఆగిపోతున్న పెళ్లి డీవీడీలు

చిలకలూరిపేట: మిరపకాయ రంగు వెలిసిపోకుండా కోల్డు స్టోరేజీలో దాచుకునే రైతు, కూతురి పెళ్లి డీవీడీని మాత్రం ఎండకు కాగే ఇనుప బీరువాలో పడేసి మరిచిపోతున్నాడు. పదిహేనేళ్ల తరువాత తీసి పెడితే బొమ్మ రావటం లేదు.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఎన్నో ఇళ్లలో ఇదే కథ. తండ్రి సంవత్సరీకానికి పుట్టింటికి వచ్చిన కూతురు తన పెళ్లి డీవీడీ పెట్టమంటుంది. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాల వరకు బాగానే ఆడుతుంది. చివర అప్పగింతలు వచ్చేసరికి బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోతుంది. తండ్రి కంటతడి పెట్టుకుని కూతురి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెట్టిన ఆ నాలుగు నిమిషాలే ఇప్పుడు ఆ ఇంటికి కావాలి. ఆ నాలుగు నిమిషాలే లేవు.

చివరి భాగమే ఎందుకు పోతుంది? డిస్కు మీద రాత మధ్యలో నుంచి మొదలై అంచు వైపుకు సాగుతుంది. వేళ్లు తగిలేది అంచుకే, వంగేది అంచే. అందుచేత సాధారణంగా ముందు చెడేది కూడా అంచే.

రంగులోనే ఉంది కిటుకు

బజారులో కొన్న సినిమా డిస్కు ఫ్యాక్టరీలో అచ్చు గుద్దినది. పెళ్లి వీడియోవారు రాసి ఇచ్చేది అలాంటిది కాదు. ఖాళీ డిస్కు లోపల పలుచని రంగు పూత ఉంటుంది. రైటరులోని లేజరు కిరణం ఆ రంగును చుక్కలు చుక్కలుగా మారుస్తుంది. ఆ చుక్కలే బొమ్మ, ఆ చుక్కలే మాట. ఎండకు మిరప తెల్లబడినట్లే, వేడికి, వెలుతురుకు ఈ రంగూ పాడవుతుంది. రంగు పోతే రాత పోయినట్లే.

ఈ రంగుల్లో ముఖ్యంగా మూడు రకాలున్నాయి. సీడీల్లో మొదట వాడిన సయనిన్ వెలుతురుకు త్వరగా లొంగిపోతుంది. థాలోసయనిన్ అంతకంటె గట్టిది, దానితో చేసిన సీడీ అడుగు లేత బంగారు లేదా లేత ఆకుపచ్చ ఛాయలో కనిపిస్తుంది. ముదురు నీలంగా ఉండే ఎజో రకానికీ మంచి పేరుంది. మళ్లీ మళ్లీ చెరిపి రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కులు కలకాలం దాచేందుకు పనికిరావు.

పెట్టె మీద పేరు చాలదు

పత్తి విత్తనాల పాకెట్టు చూసి మోసపోయిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పెట్టె మీద పేరు ఒకరిది, సరుకు చేసిన ఫ్యాక్టరీ మరొకరిది కావచ్చు. ఒకే కంపెనీ పేరుతో రెండు మూడు ఫ్యాక్టరీల డిస్కులు వస్తాయి. ప్రతి డీవీడీలోనూ తయారీదారు గుర్తు దాగి ఉంటుంది. ఇమ్‌జ్‌బర్న్ వంటి ఉచిత ప్రోగ్రాముతో కంప్యూటరులో దానిని చూడవచ్చు. పెద్ద కట్ట కొనేముందు ఒకటి కొని ఇలా పరీక్షించుకోవటం మేలు.

పేరున్న కంపెనీలు కూడా ఇప్పుడు పాతవి కావు. 1983లో మొదలైన మోజర్ బేర్ డిస్కులు ఒకప్పుడు మన ఊళ్లలో ప్రతి స్టూడియోలోనూ కనిపించేవి. నోయిడాలోని ఆ కంపెనీ 2018లో మూతపడే దశకు చేరి ఆస్తుల అమ్మకానికి ఆదేశాలు వెలువడ్డాయి. 1988లో తొలిసారి రాసుకునే సీడీని చూపించిన జపాన్ కంపెనీ తైయో యూడెన్ 2015లో ఆ వ్యాపారం మానుకుంది. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరితో ఆపింది. కనుక ఆ పేర్లతో దుకాణంలో దొరికేది పాత నిల్వ అయినా కావాలి, నకిలీ అయినా కావాలి.

పాత నిల్వ విత్తనానికి మొలకశాతం తగ్గినట్లే ఖాళీ డిస్కుకూ వయసు ఉంది. రాయని డిస్కు ఆయుష్షు 5 నుంచి 10 ఏళ్లే అనుకోవాలని అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో వెలువరించిన పుస్తకం చెబుతోంది. రాసిన డిస్కులను 20 డిగ్రీలు మించని చల్లదనంలో ఉంచాలని కూడా అదే పుస్తకం సూచించింది. వేసవిలో రెంటచింతల ఎండ ఎంతో అందరికీ తెలిసినదే!

రాయించేటప్పుడు

పెళ్లి వీడియోవారికి రెండు మాటలు ముందే చెప్పాలి. మొదటిది, అతి వేగంగా రాయవద్దని. 16 రెట్ల వేగమని ముద్రించిన డీవీడీని 8 రెట్లతో రాస్తే చాలావరకు నిదానంగా, శుభ్రంగా పడుతుంది. రెండవది, రాసిన తరువాత సరిచూడమని. రాసే ప్రోగ్రాములోనే సరిచూసే ఏర్పాటు ఉంటుంది. డీవీడీలో 4.7 గిగాబైట్లు పడతాయని రాసి ఉన్నా కంప్యూటరు లెక్కలో అది సుమారు 4.38 మాత్రమే. అంచు వరకు కుక్కకుండా కొంత ఖాళీ వదిలితే చివరి భాగానికి క్షేమం.

డిస్కు పైన కాగితపు స్టిక్కరు అంటించరాదు. బాల్‌పెన్నుతో రాయరాదు. సీడీలో రాత ఉండే పొర పైభాగానికి ఆనుకునే ఉంటుంది. పైన పడిన గీత కింద పడిన గీత కంటె ప్రమాదం. డీవీడీలో రెండు ప్లాస్టిక్ పలకల నడుమ ఆ పొర ఉంటుంది గనుక కొంత నయం. పేరు రాయాలంటే మెత్తని మొనగల మార్కరుతో మధ్య ఉన్న ఖాళీ వలయం మీద రాసుకోవాలి.

ఖర్చుకు వెనుదీయనివారికి ఎం డిస్క్ అనే రకం ఉంది. అందులో వెలిసిపోయే రంగుకు బదులు రాయివంటి పొర ఉంటుంది. ఆ రకం డీవీడీని రాసేందుకు ఆ గుర్తు ఉన్న రైటరే కావాలి.

ఇప్పుడు చేయవలసింది

బీరువాలో ఉన్న పాత డిస్కులను ఈ వేసవి ఎండలు ముదరకముందే బయటకు తీయాలి. మాసి ఉంటే మెత్తని నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పరాదు. ఒక ప్లేయరులో ఆడకపోతే వెంటనే పారవేయవద్దు. మరొక కంప్యూటరు డ్రైవు దానిని చదవవచ్చు. కొత్త లాప్‌టాపుల్లో చాలావాటికి డిస్కు పెట్టే చోటే లేదు. విడిగా దొరికే యూఎస్‌బీ డ్రైవు ఊరికొకటి ఉన్నా చాలు.

చదివిన దానిని రెండుచోట్ల పెట్టుకోవాలి. హార్డుడిస్కులో ఒకటి, కొత్త డీవీడీలో ఒకటి. ఒక్క పెన్‌డ్రైవును నమ్ముకోవటం మంచిది కాదు, ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే అందులోని సమాచారమూ పోవచ్చు. ఒక కాపీ కూతురింట, ఒకటి పుట్టింట ఉంటే మరీ మంచిది. కవరు మీద రాసిన తేదీ వేసుకుని, రెండేళ్లకొకసారి చివరి అయిదు నిమిషాలు ఆడించి చూడాలి. మొదటి అయిదు నిమిషాలు కాదు, చివరివే చూడాలి.