కమ్యూనిటీ కళాశాలలో వెబ్ చదువు – మనం తెలుసుకోవలసిన సంగతులు



మేము ప్రస్తుతం పీజీ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా ఇంటర్ తమ్ముళ్లు మమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. వెబ్‌సైట్లు తయారు చేయడం నేర్చుకోవాలంటే తప్పనిసరిగా బీటెక్ చదవాలా అన్నది మొదటిది. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీల్లో తక్కువ ఫీజుకే ఈ చదువు చెబుతారట, నిజమేనా అన్నది రెండోది. ఈ రెండింటికీ ఒకేచోట జవాబు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం. అప్పు చేసి అడుగు వేసే ముందు విషయం పూర్తిగా తెలిసి ఉండటం మనలాంటి కుటుంబాలకు చాలా అవసరం. మన ఇళ్లలో ఒకరి చదువుకు చేసిన అప్పు ఇద్దరు చెల్లెళ్ల చదువును ఆపగలదు.

కమ్యూనిటీ కళాశాల అంటే ఏమిటి?

అమెరికాలో డిగ్రీ నాలుగేళ్లు. అందులో మొదటి రెండేళ్ల చదువును, దానితోపాటు రకరకాల వృత్తి కోర్సులను ఇంటికి దగ్గరలో, తక్కువ ఖర్చుతో చెప్పే ప్రభుత్వ కళాశాలే కమ్యూనిటీ కళాశాల. ఇలినాయ్ రాష్ట్రంలో 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలైన జోలియెట్ జూనియర్ కళాశాల వీటిలో అన్నిటికంటే పాతది. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నత విద్యా సంఘం 1947లో ఇలాంటి కళాశాలలు దేశమంతా రావాలని సిఫారసు చేసింది.

కాలిఫోర్నియా రాష్ట్రం 1960లో ఒక ప్రణాళిక వేసుకుంది. హైస్కూలు పూర్తి చేసినవారిలో ప్రతిభ ప్రకారం పై ఎనిమిదో వంతుకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, పై మూడో వంతుకు రాష్ట్ర విశ్వవిద్యాలయాలు అందుబాటులో ఉండాలి. కమ్యూనిటీ కళాశాల తలుపు మాత్రం చదవగలిగిన వారందరికీ తెరిచి ఉండాలి. ఇక్కడ రెండేళ్లు చదివి మూడో ఏట విశ్వవిద్యాలయంలో చేరే దారి కూడా ఉండాలి. ఇప్పుడు ఆ ఒక్క రాష్ట్రంలోనే 116 కమ్యూనిటీ కళాశాలలు ఉన్నాయి.

చేరడానికి మన ఎంసెట్ లాంటి ర్యాంకు అక్కర్లేదు. సాయంత్రం తరగతులు ఉంటాయి. అందువల్ల పద్దెనిమిదేళ్ల కుర్రాడి పక్కన పగలంతా దుకాణంలో పనిచేసి వచ్చిన నలభై ఏళ్ల తల్లి కూర్చుని పాఠం వింటుంది. కొన్ని కోర్సులు కలిపి పూర్తి చేస్తే సర్టిఫికెట్, సుమారు 60 యూనిట్లు పూర్తి చేస్తే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు.

వెబ్ కోర్సులో ఏం చెబుతారు?

కళాశాలను బట్టి కోర్సుల పేర్లు మారినా చదువు వరుస దాదాపు ఒకటే. మన మెస్ మెనూ బోర్డును వెబ్ పేజీగా చేస్తున్నాం అనుకుని ఆ వరుస చూద్దాం.

మొదట హెచ్.టి.ఎమ్.ఎల్. ఇది శీర్షిక, ఇది పట్టిక, ఇది ఫోటో అని బ్రౌజర్‌కు చెప్పే గుర్తుల భాష. సోమవారం ఉదయం ఉప్మా, ఆదివారం మధ్యాహ్నం చికెన్ అన్న సమాచారం ఏ వరుసలో, ఏ గడిలో ఉండాలో ఇది చెబుతుంది.

రెండోది సి.ఎస్.ఎస్. 1996లో ప్రమాణంగా వచ్చింది. రంగు, అక్షరాల సైజు, గడుల మధ్య ఖాళీ దీని పని. అదే మెనూ ఫోన్‌లో ఒక వరుసగా, కంప్యూటర్‌లో పట్టికగా కనిపించేలా చేసేది ఇదే.

మూడోది జావాస్క్రిప్ట్. 1995లో బ్రెండన్ ఐక్ దీని మొదటి రూపాన్ని పది రోజుల్లో రాశారు. "ఈ రోజు" అన్న బటన్ నొక్కగానే ఈ రోజు మెనూ మాత్రమే కనిపించాలంటే దీనితో రాయాలి.

నాలుగోది సర్వర్ వైపు పని. మనం బ్రౌజర్‌లో పేరు కొట్టగానే ఆ పేరుకు చెందిన కంప్యూటర్ చిరునామా ఏదో మొదట వెతుకుతుంది. తర్వాత ఆ కంప్యూటర్‌ను పేజీ అడుగుతుంది. ఆ కంప్యూటర్నే సర్వర్ అంటాం. పేజీ ఉంటే పంపుతుంది, లేకపోతే 404 అని జవాబిస్తుంది. సర్వర్‌లో నడిచే పి.హెచ్.పి. వంటి భాషను, సమాచారం దాచే మై ఎస్.క్యూ.ఎల్. వంటి డేటాబేస్‌ను ఈ దశలో నేర్పుతారు.

డేటాబేస్ అంటే భయపడనక్కర్లేదు. మన వార్డెన్ గారి స్టాక్ రిజిస్టరు చూసినవారికి అది సగం వచ్చినట్టే. తేదీ, సరుకు, వచ్చింది, వాడింది, నిల్వ అని గడులు ఉంటాయి. డేటాబేస్‌లో మొదటి సూత్రం ఒక విషయాన్ని ఒకేచోట రాయడం. కందిపప్పు ధర రెండుచోట్ల రాస్తే ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోతాం, లెక్క తప్పుతుంది.

ఈ వరుసను దాటేసి నేరుగా పైమెట్టుకు వెళ్లాలని చూసేవారు మధ్యలో చిక్కుకుంటారు. పునాది తెలియనివారికి పేజీ ఎందుకు చెడిందో అర్థం కాదు. ఈ రోజుల్లో కృత్రిమ మేధ అడగగానే కోడ్ రాసి ఇస్తోంది. అయితే అది రాసింది సరిగా ఉందో లేదో చూడగలిగినవాడికే అది పనికొస్తుంది. కాబట్టి పునాది అవసరం తగ్గలేదు.

ఆన్‌లైన్ మీడియా అంటే?

పేజీ కట్టడం ఒక ఎత్తు, అందులో ఏం పెట్టాలో తెలియడం ఒక ఎత్తు. అందుకే ఈ కోర్సుల్లో వెబ్ కోసం రాయడం, ఫోటోలు సరిచేయడం, ఆడియో, వీడియో ఎడిటింగ్, కాపీరైటు చట్టం కూడా చెబుతారు. వీటిలో రెండు సంగతులు మనకు ముఖ్యం.

ఒకటి, అందరికీ అందేలా చేయడం. మెనూ బోర్డును ఫోటో తీసి పెట్టేస్తే, చూపు లేని విద్యార్థి ఫోన్‌లో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందులోని అక్షరాలు అందకపోవచ్చు. అక్షరాలుగా టైపు చేయాలి, ఫోటో పెడితే అందులో ఏముందో మాటల్లో రాయాలి. దీనికి 1999 నుంచీ అంతర్జాతీయ మార్గదర్శకాలు ఉన్నాయి.

రెండు, ఏది పెట్టకూడదో తెలియడం. హాస్టల్ అడ్మిషన్ జాబితాలో పిల్లల పేరు, కులం, తండ్రి ఆదాయం, బ్యాంకు ఖాతా అన్నీ ఉంటాయి. ఆ కాగితం గది గోడ మీద ఉంటే పదిమంది చూస్తారు. వెబ్‌లో పెడితే ప్రపంచమంతా చూస్తుంది, మనం తీసేసినా ఎవరి దగ్గరో ఒక కాపీ ఉండిపోతుంది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో, 18 ఏళ్ల లోపు వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని రాశారు. పేజీ చేసేవాడు మన పిల్లవాడైతే ఈ జాగ్రత్త మరింత బాగా తెలుస్తుంది.

తెలుగులో పేజీ చేయాలంటే

మన పత్రికల్లో చాలావాటిని డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కంపోజ్ చేయిస్తారు. అచ్చుకు అవి చక్కగా ఉంటాయి. అయితే ఆ ఫైలులో ఉన్నది తెలుగు అక్షరాల సంకేతం కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చిన అమరిక. దాన్ని యథాతథంగా వెబ్‌లో పెడితే ఆ ఫాంటు లేనివారికి అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. వెతికితే దొరకదు కూడా.

దీనికి పరిష్కారం యూనికోడ్. ప్రపంచ లిపుల్లో చాలావాటికి అందులో విడివిడి సంఖ్యలు కేటాయించారు. తెలుగుకు 128 స్థానాల గుంపు ఉంది. వెబ్‌లో ఎక్కువగా వాడే యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. మన గుణింతంలో "కి" అంటే క, గుడి కలిపి రెండు సంకేతాలు. అంటే ఆరు బైట్లు. మనం ఫోన్‌లో టైపు చేసే తెలుగు యూనికోడే.

ఖర్చు మాటేమిటి?

ఇక రెండో ప్రశ్న. కాలిఫోర్నియాలో స్థానిక నివాసులకు ఫీజు 2012 నుంచి యూనిట్‌కు 46 డాలర్లు. 60 యూనిట్లకు 2,760 డాలర్లు. తక్కువ ఫీజు అని మీరు విన్నది ఇదే. కానీ ఇది అక్కడి ప్రజల పన్నులతో, అక్కడి నివాసుల కోసం పెట్టిన ఫీజు. విదేశీ విద్యార్థి దగ్గర చాలా కళాశాలలు యూనిట్‌కు 300 డాలర్లకు మించి తీసుకుంటాయి. గది, భోజనం, ఆరోగ్య బీమా దీనికి అదనం.

స్టూడెంట్ వీసాకు ఈ డబ్బు ఉన్నట్టు ముందే చూపాలి. సెమిస్టరుకు కనీసం 12 యూనిట్లు చదవాలి. చదువు సాగే రోజుల్లో కళాశాల ఆవరణలో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. చదువు తర్వాత ఆ రంగంలో పనిచేయడానికి ఏడాది అనుమతి దొరకవచ్చు. సాంకేతిక కోర్సులవారికి దానిపై ఇచ్చే రెండేళ్ల పొడిగింపు మాత్రం బ్యాచిలర్ డిగ్రీ, ఆపై చదివినవారికే. అసోసియేట్ డిగ్రీకి అది వర్తించదు. ఏ కన్సల్టెన్సీ అయినా ఇది చెప్పకుండా సంతకం పెట్టమంటే ఆగి ఆలోచించండి.

మన దేశంలోనూ కమ్యూనిటీ కళాశాలలు ఉన్నాయి. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం 1995లో ఒకటి ప్రారంభించింది. యూజీసీ 2013లో కళాశాలల్లో వీటిని నడిపే పథకం తెచ్చింది. తర్వాత వచ్చిన బి.వొకేషనల్ కోర్సులో ఒక ఏడాదికి డిప్లొమా, రెండేళ్లకు అడ్వాన్స్‌డ్ డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ ఇస్తారు. చేరే ముందు ఆ కోర్సుకు గుర్తింపు ఉందా, మన స్కాలర్‌షిప్ వర్తిస్తుందా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. పదో తరగతి తమ్ముళ్లకు పాలీసెట్ ద్వారా మూడేళ్ల డిప్లొమా దారి ఉండనే ఉంది.

మన దగ్గర ఉన్నది, లేనిది

అమెరికా కమ్యూనిటీ కళాశాలల గురించి మరో నిజం కూడా చెప్పుకోవాలి. అక్కడ చేరినవారిలో సగం కంటే తక్కువమందే ఆరేళ్లలోపు ఏదో ఒక పట్టా పూర్తి చేస్తున్నారు. తెలివి లేక కాదు. ఇంటి అద్దె, పిల్లల పోషణ, రాత్రి డ్యూటీ, బస్సు దొరకకపోవడం వంటి కారణాలతో మధ్యలో మానేస్తున్నారు. తలుపు తెరిచి ఉన్నా లోపల నిలబడాలంటే కూడు, గూడు కావాలి. మన హాస్టల్ మనకు ఆ రెండూ ఇచ్చింది. మూడు పూటలా అన్నం, పడుకోవడానికి చోటు, పక్కన చదివే స్నేహితులు లేకపోతే మేము డిగ్రీ దాకా వచ్చేవాళ్లం కాదు.

మనకు లేనిది వరుసక్రమంలో పాఠం, చేసిన పనిని దిద్దే మనిషి. పాఠం ఉచితంగానే దొరుకుతోంది. టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించిన వెబ్‌ను, ఆయన పనిచేసిన సెర్న్ పరిశోధన సంస్థ 1993 ఏప్రిల్ 30న రుసుము లేకుండా లోకానికి వదిలేసింది. బ్రౌజర్‌కు వచ్చే ఏ పేజీ కోడ్ అయినా అందులోనే తెరిచి చూడగలుగుతున్నాం. మొజిల్లా వారి ఎం.డి.ఎన్., ఫ్రీకోడ్‌క్యాంప్, కేంద్ర ప్రభుత్వ స్వయం, ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ అన్నీ ఉచితం. చివరిదానిలో కొన్ని పాఠాలకు తెలుగు వ్యాఖ్యానం కూడా ఉంది.

దిద్దే మనిషి సంగతి అన్నల చేతిలో ఉంది. ఉద్యోగాల్లో ఉన్నవారు నెలకు రెండు గంటలు కేటాయించి తమ్ముళ్లు చేసిన పేజీలు చూసి తప్పులు చెప్పినా చాలు. ఇంట్లో పక్కన పెట్టిన పాత ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చినా చాలు. ఒకే కంప్యూటర్ ఉంటే ముగ్గురు కూర్చోవచ్చు. ఒకరు టైపు చేయాలి, ఒకరు పాఠం చదవాలి, ఒకరు తప్పులు పట్టాలి. వారం వారం మారాలి. ఆదివారం రెండు గంటల చొప్పున మొదలుపెడితే నాలుగు నెలల్లో మెనూ పేజీ తయారవుతుంది.

దీనితో వెంటనే ఉద్యోగం వస్తుందని మేము చెప్పడం లేదు. ఈ పని మనకు నచ్చుతుందా, మన చేతికి వస్తుందా అన్నది రూపాయి అప్పు చేయకముందే తెలుస్తుంది. ఆ తర్వాత డిప్లొమానా, డిగ్రీనా అన్నది ధైర్యంగా ఎంచుకోవచ్చు.

వచ్చే వార్షికోత్సవానికి ఈ సంచికనే యూనికోడ్‌లో టైపు చేసి, రాసినవారి అనుమతి, చిన్నపిల్లలైతే వారి తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, మన తమ్ముళ్లే కట్టిన పేజీలో పెట్టాలని మా కోరిక. అక్షరాలు సరిచూసే పని మేము చేస్తాం.