రైసూత్ గదిలో పప్పు, పచ్చిపులుసు... చేయి తిరిగితే జేబు మిగులు!

రైసూత్ (ఒమన్): కోటి విద్యలు కూటి కొరకే అన్నారు పెద్దలు. ఆ కూటి కోసమే అప్పు చేసి, వీసా తీసుకుని, విమానమెక్కి ఇంత దూరం వచ్చాం. తీరా వచ్చాక మనలో చాలామంది చేస్తున్నదేమిటి? ఆ కూటినే పక్కన పెట్టేయడం! పొద్దున చాయ్, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం ఇంత ఖుబ్జ్. రాత్రి ఓపికుంటే అన్నం, ఊరి నుంచి తెచ్చుకున్న మామిడికాయ పచ్చడి. ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం ‘తిన్నావా బిడ్డా’ అన్న అమ్మకు ‘ఆ, మంచిగనే తిన్న’ అని ఒక అబద్ధం.

రెండేళ్లు ఇలా గడిస్తే ఏమవుతుంది? కడుపులో మంట, నీరసం, ఆపైన బీపీ, షుగర్. తిండి దగ్గర మిగిల్చిన రియాళ్లు ఆస్పత్రి దగ్గర ఖర్చవుతాయి. పని చేసే ఒళ్లే మన ఆస్తి. అది పడిపోతే ఇంటి దగ్గర అప్పు ఎవరు తీరుస్తారు? మరి తక్కువ ఖర్చులో, తక్కువ టైములో, గదిలో నలుగురూ కలిసి కడుపు నిండా తినే దారి లేదా? ఉంది. అదీ మన పప్పు, కూర, చారుతోనే.

ఎందుకు శాకాహారం?

సలాలాకు పడమరన, సముద్రం ఒడ్డున ఉన్న రైసూత్ పనివాళ్ల చోటు. 1981లో ఏర్పడిన సిమెంటు కంపెనీ, 1998లో కంటెయినర్ టెర్మినల్‌గా మొదలైన సలాలా పోర్టు, ఇండస్ట్రియల్ ఎస్టేట్, ఫ్రీ జోన్... షిఫ్టు డ్యూటీలు, లారీల రొద, దుమ్ము. డ్యూటీ దిగి గదికొచ్చేసరికి గంటసేపు పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఎవరికుంటుంది?

కోడి కూర వద్దని ఎవరూ అనరు. శుక్రవారం సెలవు రోజు అది ఉండనే ఉంటుంది. కానీ మిగతా రోజుల్లో పప్పులు, శనగలే జేబుకు తేలిక. ఫ్రిజ్ చిన్నదైనా, పదిమందికి ఒకటే ఉన్నా అవి పాడు కావు. పైగా మనలో శనివారం ముట్టనివాళ్లు ఉన్నారు. కార్తీకం, శ్రావణం పాటించేవాళ్లు ఉన్నారు. 41 రోజులు అయ్యప్ప మాల వేసుకునే స్వాములూ ఉన్నారు. ఒకే గదిలో ఇంతమందికీ సరిపోయేది శాకాహారమే.

లెక్క చూద్దాం. బయట తినే చోట గదిలో వండుకుని రోజుకు 500 బైసాలు మిగిలినా నెలకు 15 రియాళ్లు. మన రూపాయల్లో 3,000 పైమాటే. ఇంటి దగ్గర ఒక సిలిండరు, పిల్లల పుస్తకాలు, అమ్మ మందులు... ఆ డబ్బు దేనికైనా అక్కరకొస్తుంది.

బలం ఉంటుందా?

‘పప్పన్నం తింటే సిమెంటు బస్తాలు మోసే బలం ఎక్కడిది అన్నా?’ అని తమ్ముళ్లు అడుగుతుంటారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 65 కిలోల బరువున్న మగమనిషికి రోజుకు 54 గ్రాముల ప్రొటీన్ కావాలి. 300 గ్రాముల బియ్యంలో సుమారు 22 గ్రాములు ఉంటుంది. 60 గ్రాముల పప్పులో 13 దాకా, పావు కిలో పెరుగులో 8 దాకా, గుప్పెడు పల్లీల్లో 7 దాకా వస్తుంది. అన్నీ కలిపితే 50. సాయంత్రం నాలుగు ఉడికించిన శనగలు నోట్లో వేసుకుంటే లెక్క సరిపోయింది. అసలు చిక్కు పప్పుతో కాదు. పప్పు నీళ్లలా చేసుకుని, పళ్లెం నిండా అన్నమే తినడంతోనే చిక్కు.

పాలు, పెరుగు మాత్రం మానకండి. బీ-12 విటమిన్ పప్పుల్లో, కూరల్లో దొరకదు. పూర్తిగా శాకాహారం తినేవాళ్లకు లబన్, పెరుగే ఆధారం. లబన్‌లో నీళ్లు, చిటికెడు ఉప్పు, కాస్త అల్లం వేస్తే అచ్చం మన మజ్జిగే. చెమట కారే పనిలో రంగు సోడాల కంటే వెయ్యి రెట్లు నయం. ఇంకో మాట. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంట ఆగి తాగండి. చాయ్ బదులు ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే అదే ఇనుము బాగా పడుతుంది.

ఇక పొయ్యి వెలిగిద్దాం

గంగవాయిలి పప్పు: కందిపప్పు కంటే మైసూర్ పప్పు (ఎర్రపప్పు) త్వరగా ఉడుకుతుంది. కుక్కర్ లేకపోయినా ఇరవై నిమిషాల పని. గల్ఫ్ కూరగాయల దుకాణాల్లో ‘బక్లా’ పేరుతో అమ్మే కట్టను ఎప్పుడైనా చూశారా? అది మన గంగవాయిలి కూరే! పేరు తెలియక మనవాళ్లు దాటేసి పోతుంటారు. ఐదుగురికి గ్లాసున్నర పప్పు, రెండు కట్టల కూర, నాలుగు టమాటలు, ఆరు పచ్చిమిర్చి, పసుపు వేసి ఉడికించండి. గంగవాయిలికి కొంచెం పులుపు ఉంటుంది కాబట్టి చింతపండు తక్కువ చాలు. దించేముందు ఉప్పు వేసి, వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్రతో పోపు పెట్టండి. బక్లా దొరక్కపోతే పాలకూర వేసుకోవచ్చు.

పచ్చిపులుసు: గ్యాస్ అయిపోయిన రోజు ఇదే దిక్కు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసకండి. రెండు ఉల్లిగడ్డలు సన్నగా తరిగి, పచ్చిమిర్చి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి చేత్తో నలపండి. వేయించి దంచిన నువ్వుల పొడి రెండు చెంచాలు కలిపితే చిక్కగా, కమ్మగా ఉంటుంది. పొయ్యి ఉంటే పోపు, లేకపోతే లేదు.

శనగల కూర: పొద్దున డ్యూటీకి పోయే ముందు రెండు గ్లాసుల శనగలు నానబోసి పోండి. రాత్రికి కుక్కర్‌లో ఐదారు విజిళ్లు. ఉల్లిగడ్డ, టమాట, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడితో వేయించి కలపండి. పిడికెడు శనగలు మెత్తగా మెదిపి అందులోనే వేస్తే గ్రేవీ చిక్కబడుతుంది. అన్నంలోకీ ఖుబ్జ్‌లోకీ ఒకటే కూర. రాజ్మా వండేవాళ్లు మాత్రం జాగ్రత్త. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లా మరిగించి, ఆ తర్వాత మెత్తగా ఉడకనివ్వాలి. సగం ఉడికిన రాజ్మా తింటే వాంతులు ఖాయం.

కొబ్బరి పచ్చడి: గల్ఫ్‌లో మరెక్కడా లేని భాగ్యం సలాలా వాళ్లది. రోడ్డు పక్కన కొబ్బరికాయలు, అరటిపళ్లు, బొప్పాయిలు! ఆ తోటలు చూస్తే కోనసీమ వాళ్లకు ఇల్లు గుర్తురాక మానదు. శుక్రవారం అటు వెళ్లినప్పుడు రెండు ముదురు కాయలు తెచ్చుకోండి. కొబ్బరి ముక్కలు, పుట్నాలు, వేయించిన పచ్చిమిర్చి, చింతపండు, ఉప్పు కలిపి రుబ్బితే సరి. దోశ లేకపోయినా అన్నంలోకి బ్రహ్మాండం.

లూమి చారు: ఒమన్‌లో లూమి అని ఎండబెట్టిన నిమ్మకాయలు అమ్ముతారు. చారు మరిగేటప్పుడు ఒకటి చిల్లు పెట్టి వేయండి. గింజలు తీసేస్తే చేదు తగ్గుతుంది. చింతపండు లేని రోజు పనికొస్తుంది. జలుబు చేసినప్పుడు మిరియాలు ఎక్కువ వేసుకుంటే గొంతుకు హాయి.

ఖుబ్జ్ ఉప్మా: నిన్నటి ఖుబ్జ్ గట్టిపడిందని పారేయకండి. ముక్కలుగా తుంచి, పోపులో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు, పల్లీలు వేగాక వేసి, నీళ్లు చిలకరించి మూత పెట్టండి. ఐదు నిమిషాల్లో టిఫిన్ రెడీ. బూజు కనిపిస్తే మాత్రం మొత్తం చెత్తబుట్టలోకే.

డబ్బాలోకి ఏం పెట్టుకోవాలి?

తెల్లారుజామున కట్టుకున్న డబ్బా మధ్యాహ్నం దాకా ఆగాలి. పులుపు ఉన్నవి నిలుస్తాయి, అందుకే పులిహోర మంచిది. ఆదివారం నాడే చింతపండు గుజ్జు తీసి నూనెలో పోపు వేసి, నూనె తేలేదాకా ఉడికించి సీసాలో పెట్టుకుంటే ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. రోజూ అన్నంలో రెండు గరిటెలు కలుపుకోవడమే.

రాత్రి వండిన అన్నం కుక్కర్‌లోనే వదిలేసి పొద్దున డబ్బాలో పెట్టుకోవడం మన గదుల్లో మామూలు. అది మంచిది కాదు. గది వేడిలో అన్నంలో క్రిములు పెరిగి విషం వదులుతాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వండిన అన్నం వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లో చోటు లేదా? అయితే అంతే వండండి. పొద్దునకు మిగలకుండా.

ఖరీఫ్ జాగ్రత్తలు

జూన్ నెలాఖరు నుంచి సెప్టెంబర్ దాకా గల్ఫ్ అంతా కాలిపోతుంటే సలాలాలో తుంపర, మంచు. ఇదే ఖరీఫ్. కంటికి ఇంపుగానే ఉంటుంది గానీ వంటసామానుకు శత్రువు. పప్పులకు పురుగు పడుతుంది, పల్లీలకు బూజు, కారంపొడి ఉండలు. ఈ మూడు నెలలూ సరుకు కొంచెం కొంచెంగా కొనండి. పప్పులు, రవ్వ పొడి బాణలిలో దోరగా వేడి చేసి, చల్లారాక గట్టి మూత సీసాల్లో పోయండి. బూజు వాసన వచ్చే పల్లీలు కడిగి తినే తెలివి చూపొద్దు, పారేయండి.

తుపానులనూ మరిచిపోవద్దు. 2018 మే 25న మెకును తుపాను రైసూత్ దగ్గరే తీరం దాటింది. సలాలా రోడ్లు నీటిలో మునిగాయి. మూడు రోజులకు సరిపడా అటుకులు, పుట్నాలు, బెల్లం, ఖర్జూరాలు, తాగేనీళ్లు గదిలో ఒక మూల ఎప్పుడూ ఉండాలి. పొయ్యి లేకపోయినా ప్రాణం నిలుస్తుంది.

మెస్ లెక్క... మనసు లెక్క

గదిలో కొట్లాటలు సగం వంట దగ్గరే మొదలవుతాయి. ‘నేను వారం డ్యూటీ మీదున్నా, నాకెందుకు వాటా?’ ‘గిన్నెలు నేనొక్కడినే తోమాలా?’ దీనికి మందు ఒకటే. గోడకు ఒక నోటుబుక్. ఎవరు ఏం కొన్నారో, ఎవరు ఎన్ని పూటలు తిన్నారో ఏ రోజుకారోజు రాసుకోవాలి. వండినవాడు ఆ రోజు గిన్నెలు తోమకూడదు. నెలాఖరున అందరి ముందు లెక్క చూసుకోవాలి.

ఐదుగురి గదికి నెల సరుకు మోటాగా ఇలా: బియ్యం 45 కిలోలు, అన్ని పప్పులూ శనగలూ కలిపి 10 కిలోలు, నూనె 4 లీటర్లు మించకుండా. మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటకూడదని డాక్టర్లు చెప్తారు. అంటే ఐదుగురికి నెలకు ముప్పావు కిలో. పచ్చళ్ల ఉప్పు కూడా అందులోదే. కిలో పాకెట్ నెల తిరక్కముందే అయిపోతోందంటే బీపీని మనమే పిలుస్తున్నట్టు.

ఊరి నుంచి సామాన్లు తెచ్చేటప్పుడు ఒక్కటి మాత్రం మరవొద్దు. గసగసాలు, అవి కలిపిన మసాలా పొడులు పెట్టెలో పెట్టొద్దు. యూఏఈ, సౌదీ లాంటి దేశాల్లో అవి నిషేధం. దుబాయ్ మీదుగా వచ్చేటప్పుడు దొరికినా జైలు దాకా వెళ్లొచ్చు. అమ్మకు కూడా ముందే చెప్పండి, పాపం ప్రేమతో మసాలాలో వేసేస్తుంది. పడుకునే గదిలో దొంగచాటుగా స్టవ్, ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి వండడం కూడా వద్దు. క్యాంపు వంటగదిలోనే వండండి. ఒక్క నిప్పురవ్వ చాలు, పది కుటుంబాలు రోడ్డున పడతాయి.

చివరిగా ఒక మాట. వంట రాదని సిగ్గుపడాల్సిన పని లేదు. మనలో చాలామంది ఇంటి దగ్గర పొయ్యి ముఖం చూడనివాళ్లమే. ఈ రాత్రి ఫోన్‌లో ‘తిన్నావా’ అని అడిగినప్పుడు ‘అమ్మా, పప్పులో చింతపండు ఎప్పుడు వెయ్యాలి?’ అని అడిగి చూడండి. అమ్మకు ఎంత ధైర్యమో! ఆ తర్వాత ‘మంచిగనే తిన్న’ అంటే అది అబద్ధం కాదు.