పొల్లాచి పార్లమెంటు నియోజకవర్గము - దాని హద్దులు

కోయంబత్తూరు మండలమునందలి తెలుగువారి పూర్వచరిత్రను విచారించువారు పాళెయములను గూర్చి విశేషముగా వ్రాసియున్నారు. నేటి ఎన్నికల నియోజకవర్గములను గూర్చి మాత్రము మనవారు అంతగా పట్టించుకొనలేదు. ఆ కొరతను తీర్చుటకు పొల్లాచి నొక్కదానిని ఇచట పరిశీలింతము.

16వ శతాబ్దిలో మధుర నేలిన విశ్వనాథనాయకుడును, దళవాయి అరియనాథ మొదలియారును రాజ్యమును 72 పాళెయములుగా విభజించిరని ప్రసిద్ధి. ఒక్కొక్క పాళెగాడు మధుర కోటలో నొక్కొక్క బురుజునకు కావలి యుండవలెనట. పాళెయపు హద్దు పాళెగాని బలమును బట్టి పెరుగుచు తరుగుచు నుండెడిది. నేటి ఉడుమలపేట ప్రాంతమందలి తళి పాళెయము తెలుగు మాటాడు కంబళ నాయకులది. 1799లో టిప్పుసుల్తాను పతనముతో ఈ సీమ కుంపినీ వశమయ్యెను. పిదప పాళెయములు పోయి తాలూకాలు వచ్చినవి. నియోజకవర్గము ఈ తాలూకాల పునాదిపై లేచిన కట్టడమే.

తొలి సార్వత్రిక ఎన్నికలలో పొల్లాచి నుండి జి. ఆర్. దామోదరన్ గెలుపొందెను. పీళమేడులో 1951లో వెలసిన పి. ఎస్. జి. సాంకేతిక కళాశాలకు ఆయనయే తొలి ప్రిన్సిపాలు. 1957లో పి. ఆర్. రామకృష్ణన్ ఎన్నికయ్యెను. ఇరువురును తెలుగింటివారే. అయినను తెలుగువారగుటచే గెలిచిరనుట పొరపాటు. కాంగ్రెసు అభ్యర్థులై గెలిచిరి. 1962లో అదే కాంగ్రెసు పక్షమున తమిళుడైన సి. సుబ్రహ్మణ్యం గెలిచెను.

2004 ఎన్నికల నాటికి దీనిలో కిణత్తుకడవు, పొల్లాచి, వాల్పారై, ఉడుమలపేట, ధారాపురము, పొంగలూరు అను ఆరు శాసనసభా స్థానములుండెను. 2001 జనగణన ననుసరించిన 2008 ఉత్తర్వుతో పొంగలూరు స్థానమే రద్దయ్యెను. ధారాపురము ఈరోడు పార్లమెంటు స్థానమున చేరెను. వాని బదులు తొండాముత్తూరు, మడత్తుకుళము వచ్చినవి. 2009లో తిరుప్పూరు జిల్లా ఏర్పడి ఉడుమలపేట, మడత్తుకుళములు దానిలో చేరుటచే, నియోజకవర్గ మొక్కటియే యైనను ఓటరులు రెండు జిల్లాల కచ్చేరీలకు పంచబడిరి.

ఈ మార్పులన్నిటికి ఆధారమైన 2002 నాటి చట్టము హద్దులు గీయుటకు భూభాగపు ఏకత్వము, ప్రకృతి స్వరూపము, పరిపాలనా విభాగముల హద్దులు, రాకపోకల సౌకర్యము, ప్రజల సౌలభ్యము చూడుమన్నది. భాష అందులో లేదు. లేకుండుట ఒకవిధముగా న్యాయమే, తమిళుడును తెలుగువాడును ఒకే వీధిలో నుండు సీమ యిది. కాని ఫలితమును గమనింపవలెను. కోయంబత్తూరునకు ఉత్తరముననున్న పెరియనాయక్కన్‌పాళెయము పేరులోనే నాయకుని నిలుపుకొని పొల్లాచి హద్దునకు వెలుపల నున్నది. తళి లోపల నున్నది. 2006 నాటి తమిళభాషా బోధన చట్టము పదవ తరగతి వరకు తమిళమును క్రమముగా నిర్బంధము చేసినప్పుడు, ఆ బాధ ఇరుచోటుల తెలుగు పిల్లలకు నొకటియే. దానిని చెప్పుకొనుటకు మాత్రము వేర్వేరు పార్లమెంటు సభ్యుల నాశ్రయింపవలసి వచ్చెను.

2001లో చేసిన 84వ రాజ్యాంగ సవరణ 2026 పిదప జరుగు తొలి జనగణన వరకు ప్రతి రాష్ట్రమునకు గల స్థానముల సంఖ్యను స్థిరపరచెను. గత విభజనలో సంఘము ముసాయిదాను ప్రకటించి, బహిరంగ సభలలో అభ్యంతరములను వినెను. అట్టి సభ మరల జరిగినపుడు చూపుటకు ఓటరుల పట్టిక పనికిరాదు. దానిలో మాతృభాషకు గడియే లేదు. ఆ లెక్క జనగణనలోనే చేరును. గణకుడు వాకిట నిలిచినపుడు మనవారు తమ భాషను తెలుగని చెప్పినచో చేరును.