గ్రామఫోను ముల్లు – గని పేలుడు

గోదావరిఖనిలో బ్లాస్టింగ్ సైరను మోగితే ఎవరూ తలెత్తి చూడరు. కొంతసేపటికి ఓసీపీలో మందు పేలుతుంది. కిటికీ రెక్కలు గలగలమంటవి. గూట్లోని గిన్నెలు ఒకదానినొకటి తాకుతవి. అంతలో అంతా సద్దుమణుగుతుంది. ఐతే ఆ క్షణాన ఏ ఇంటనైనా గ్రామఫోను పళ్ళెం తిరుగుతూ, దానిమీద ఘంటసాల గానం చేసిన భగవద్గీత రికార్డు మోగుతూ ఉన్నదనుకొందాం. ముల్లు గాడి తప్పి ఒక శ్లోకంలోనుంచి మరొక శ్లోకంలోకి దూకవచ్చు. దూకుతూ అది గీసిన గీత ఇక ఎన్నటికీ మానదు.

ఈ బాధకు మందులని బజారులో ఎన్నో వస్తువులు అమ్ముతున్నారు. సంగీత యంత్రాల అర క్రింద ఉంచుకొనేందుకు రబ్బరు పాదాలు, బెండు బిళ్ళలు, ఉన్ని నమదాలు, సార్బొథేన్ అనే మెత్తని పాలియురిథేను దిమ్మలు, స్ప్రింగులు, ఉక్కు మేకులు, నున్నని గ్రానైటు పలకలు దొరుకుతవి. ప్రతి ఒక్కటీ సర్వరోగ నివారిణి అన్నట్లే ప్రకటనలు. వీటిలో బొగ్గుగనుల సీమకు ఏది పనికివస్తుందో తేల్చేది పదార్థం పేరు కాదు, ధర అంతకన్నా కాదు. బరువు పెట్టినప్పుడు అది ఎన్ని మిల్లీమీటర్లు కుంగుతుందన్నదే అసలు ప్రశ్న.

ఎద్దుబండికీ, స్ప్రింగు పట్టీలున్న బస్సుకూ గల తేడా ఎరుగనివారు లేరు. బరువు క్రింద కుంగే ప్రతి ఆధారానికీ స్వంతమైన ఒక ఊపు ఉంటుంది. కుంగుబాటు మిల్లీమీటరైతే ఆ ఊపు సెకనుకు సుమారు 16 సార్లు. నాలుగు మిల్లీమీటర్లైతే 8 సార్లు. పాతిక మిల్లీమీటర్లైతే 3 సార్లకు కొంచెం పైన. (రబ్బరు విషయంలో అసలు ఊపు ఈ లెక్కకన్నా కొంత ఎక్కువే ఉంటుంది.) క్రిందనుంచి వచ్చే కంపనం ఈ స్వంత ఊపుకు 1.4 రెట్లు దాటినప్పుడే ఆధారం దానిని అడ్డగించడం మొదలుపెడుతుంది. అంతకు లోపల ఐతే అడ్డగించకపోగా దానిని పెంచుతుంది. కావలివాడే దొంగకు తలుపు తీసినట్లన్నమాట.

ఒక మిల్లీమీటరు కుంగే రబ్బరు పాదాన్ని తీసుకొందాం. ప్రక్క గదిలోని మోటారు సెకనుకు 50 సార్లు కంపిస్తే అందులో తొమ్మిదో వంతు మాత్రమే పైకి చేరుతుంది. కొన్నవాడు సంతోషిస్తాడు. కాని ఓసీపీ పేలుళ్ళ కంపనాలు సాధారణంగా సెకనుకు 5 మొదలు 30 ఊపుల వరకూ ఉంటవి. 10 ఊపుల కంపనం వచ్చిందంటే అదే పాదం దానిని ఒకటిన్నర రెట్లకు పైగా చేసి అందిస్తుంది! పైగా గ్రామఫోను చేతికీ ముల్లుకూ కలిపి ఉండే స్వంత ఊపు కూడ 8, 12 ల మధ్యనే. గని కంపనం సరిగా ఆ బలహీన స్థానాన్నే తాకుతుంది.

గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో పేలుళ్ళ కంపనాలకు హద్దులు నిర్ణయించింది. గని యజమానికి చెందని ఇళ్ళ దగ్గర, కంపనం సెకనుకు 8 ఊపుల లోపున ఉంటే నేల కదలిక వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటరాదు, 8 నుండి 25 వరకు 10, ఆపైన 15. యజమానికి చెందిన ఇళ్ళకు ఈ హద్దులు 10, 15, 25. అనగా ఊళ్ళోని స్వంత ఇంటికన్నా కంపెనీ క్వార్టరు ఎక్కువ ఓర్చుకోవచ్చునని నియమం. ఈ అంకెలు గోడలను దృష్టిలో పెట్టుకొని వ్రాసినవి. 8 ఊపుల దగ్గర 5 మిల్లీమీటర్ల వేగమంటే నేల అటూ ఇటూ మిల్లీమీటరులో పదోవంతు కదలడం. ఎల్.పి. రికార్డు గాడి వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యోవంతుకు అటూ ఇటూ మాత్రమే. నియమం తు.చ. తప్పక పాటించిన రోజున కూడ నేల ఊగిసలాట గాడి వెడల్పును మించగలదు.

ఇప్పుడు పదార్థాల సంగతి. ఉక్కు మేకులు కంపనాన్ని ఆపవు. యంత్రాన్ని నేలకు గట్టిగా బిగిస్తవి, అంతే. కరీంనగరం గ్రానైటు పలక ఒంటరిగా చేసేదేమీ లేదు. మెత్తని ఆధారంమీద ఉంచినప్పుడు మాత్రం దాని బరువు కుంగుబాటును పెంచి మేలు చేస్తుంది. బెండు, నమదా బహు కొద్దిగా కుంగుతవి కనుక సన్నని రొదకే పనికివస్తవి. అరిగిపోయిన కన్వేయరు బెల్టు ముక్క చూడడానికి రబ్బరే, కాని లోపలి నేతవలన బిరుసు. ఇసుక స్ప్రింగు కాదు. రేణువుల రాపిడిలో కంపనాన్ని వేడిగా మార్చి త్వరగా అణచివేస్తుంది. సార్బొథేన్‌లో ఈ అణచే గుణం హెచ్చు. ఐతే వేసవిలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో రబ్బరు జాతి ఏదైనా ఏళ్ళ తరబడి ఒకే తీరున ఉండదు. రబ్బరు బిరుసెక్కుతుంది, లేదా నిలువునా కుంగిపోతుంది.

పాతిక మిల్లీమీటర్లు కుంగే స్ప్రింగులు 10 ఊపుల కంపనాన్ని తొమ్మిదో వంతుకు తగ్గిస్తవి. కొద్దిగా గాలి నింపిన సైకిలు ట్యూబుమీద బరువైన పలక పెట్టినా ఫలితం దానికి దగ్గరగానే ఉంటుంది. ఖర్చు తక్కువ, చూపుకు అందం లేదు, వారం వారం గాలి కొట్టాలి! బడిలో పరీక్షించదలచిన విద్యార్థికి ఒక స్కేలు, ఒక గ్లాసెడు నీళ్ళు చాలును. పలకమీద బరువు పెట్టకముందు, పెట్టిన తరువాత ఎత్తు కొలిస్తే కుంగుబాటు తెలుస్తుంది. బల్లను తట్టి నీటి అలలు చూస్తే తక్కినది తెలుస్తుంది.

ఇవన్నీ ఇంటిలోని కాపులు. సింగరేణిలో 1975లో ఓపెన్‌కాస్ట్ తవ్వకం మొదలైనప్పటినుంచి మొదటి కాపు గనిలోనే ఉండవలసి వచ్చింది. అన్ని గుంతల మందూ ఒక్కసారి పేల్చక, సెకనులో వేయోవంతుల ఎడంతో వరుసగా పేలుస్తారు. ఒక్కొక్క తడవ పేలే మందు తగ్గితే నేలలోకి పోయే కుదుపూ తగ్గుతుంది. గోడలు బీటలు వారుతున్నవన్న ఫిర్యాదు ఓసీపీల ప్రక్క ఊళ్ళలో పాతదే. గోడ క్రింద సైకిలు ట్యూబు పెట్టడం సాధ్యం కాదు గదా.

రికార్డు ఉన్నవారికి మాత్రం స్ప్రింగులున్నా లేకున్నా మరొక ఉపాయం చేతిలోనే కలదు. సైరను పేలుడుకు ముందే మోగుతుంది. ముల్లు ఎత్తి పట్టుకోవడానికి ఆ వ్యవధి చాలును.