గుట్ట వాలున ఒక కుటుంబ గృహము



ఓరుగల్లు ప్రాంతము వారమైన మనకు రాయి కొత్త కాదు. మన ఊరి పేరులోనే రాయి ఉన్నది. హనుమకొండ చుట్టూ ఎటు చూసినా గుట్టలే. అయితే గుట్ట దగ్గర జాగా దొరికితే మనము మొదట బండను పేల్చి నేల చదును చేయిస్తాము. ఆ తరువాత అప్పు తెచ్చి మేడ లేపుతాము. గుట్టను గుట్టగానే ఉంచి కాపురముండలేమా? ఉండవచ్చునని చూపిన ఒక క్రైస్తవ కుటుంబమును గూర్చి తెలిసికొందాము.

లారీ బేకర్ 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జన్మించారు. ఇండ్ల నిర్మాణము చదివి, 1945లో కుష్ఠురోగుల సేవకై మన దేశమునకు వచ్చారు. హైదరాబాదులో అదే సేవలోనున్న కేరళ వైద్యురాలు ఎలిజబెత్‌ను 1948లో వివాహమాడారు. ఆ దంపతులు హిమాలయములలోని పితోరాగఢ్‌లో సుమారు 16 ఏండ్లు కొండ ప్రజలకు సేవ చేసారు. దగ్గర దొరికే రాయి, మట్టి, కలపతో అక్కడివారు కట్టుకొన్న ఇండ్లే బేకర్ గారికి రెండవ బడి అయినవి.

తరువాత తిరువనంతపురములో ఒక రాతి వాలు మీద వారు తమ ఇల్లు కట్టుకొన్నారు. దాని పేరు హామ్లెట్. వాలును చదును చేయక, వాలు వెంబడే గదులు కట్టారు. పాత కలప, పగిలిన పెంకులు, ఖాళీ సీసాలు కూడా అందులో పనికివచ్చినవి. ఆ ఇల్లు ఒక్కసారిగా లేవలేదు, ఏండ్ల తరబడి పెరిగినది.

ఆయన పద్ధతులలో రెండు మన మేస్త్రీలకు చెప్పదగినవి. ఇటుకలను అంచు మీద నిలిపి, గోడ నడుమ ఖాళీ వదిలితే ఇటుక సుమారు 25 శాతము మిగులుతుంది. లోపలి గాలి మన ఎండల వేడిని కొంత ఆపుతుంది. స్లాబు అడుగుభాగములో కాంక్రీటు బరువే గాని బలము అంతగా ఇవ్వదు. అక్కడ పాత బెంగుళూరు పెంకులు పేర్చితే ఖర్చు తగ్గుతుంది. అయితే ఈ పని తెలిసినవారి చేతనే చేయించాలి.

1990లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది. 2007లో ఆయన మరణించారు.

అద్దాలు, పాలరాళ్లు ఉంటేనే ఆధునికమైన ఇల్లు అనుకొని, పిల్లల చదువుకు దాచినది గోడలకు పోయకుందుము గాక. బండమీద ఇల్లు కట్టిన బుద్ధిమంతుడు మన ఆదివార బడి పిల్లలకు కూడా తెలుసు. అతడు బండను పగులగొట్టలేదు, దానిని ఆనుకొన్నాడు. ముగ్గు పోయకమునుపే భార్యాభర్తలిద్దరు కూర్చుండి, చేతిలో ఎంత ఉన్నదో లెక్క చూచుకొనండి. ఈ ఏడు ఒక గది చాలును. మిగిలినవి నిదానముగా కట్టుకొనవచ్చును.