కాటి సీన్‌లో రాజు

కార్ల్ యుంగ్ మనస్తత్వశాస్త్రంలో రాజు ఒక మూలరూపం. మనసుకు ఒక క్రమాన్ని ఇచ్చే బొమ్మ అన్నమాట. పాతబడ్డ రాజు చీకట్లోకి దిగి, కరిగి, మళ్లీ కొత్తగా లేస్తాడని రసవాద గ్రంథాలు చదివి ఆయన చెప్పాడు. దిగేచోట ఎదురయ్యేది ‘నీడ’. మనది కాదని మనమే తోసేసిన మన భాగం అది. దాన్ని తనదిగా ఒప్పుకోవాలంటాడు యుంగ్.

బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయం’ నాటకంలో కాటి సీను సరిగ్గా ఆ దిగుడే. రాజ్యం పోయింది, ఆలుబిడ్డలు అమ్ముడుపోయారు, రాజు వీరబాహు దగ్గర కాటికాపరి అయ్యాడు. బాగానే ఉంది. మరి ఆ చీకటి ఎవరి ఇల్లు? రాజుకది పరీక్ష, కాటికాపరికి రోజూ చేసే చాకిరి. పైగా ఈ కథకు పాత రూపమైన మార్కండేయ పురాణంలో రాజును కొన్న చండాలుడు చివరికి ధర్మదేవతేనని తేలుతుంది. అంటే మన మనిషి అక్కడ లేనేలేడు, ఉన్నది దేవుడి వేషం. రాజు తన నీడను ఒప్పుకోవాల్సిన పనే తప్పిపోయింది!

తర్వాత జాషువా శ్మశానవాటి పద్యాలు ఈ సీన్‌లో చేరాయి. అంటరానితనం అనుభవించిన కవి పద్యం రాజు నోట పలికితే జనం వన్స్‌మోర్ అంటారు. చిన్నప్పుడు నేనూ అరిచాను, రాజు కోసం ఏడ్చాను. ఊరి కాట్లో కట్టెలు పేర్చే మా తాత నా పక్కనే కూచుని ఉన్నాడు.